పడవ పాట వెనుక పదిహేనేళ్లు

సాయంత్రం ఆరు దాటాక విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో గుడివాడ బస్సు ఎక్కి చూడండి. సగం సీట్లలో కోచింగ్ సెంటర్ల నుంచి ఇంటికెళ్లే కుర్రాళ్లూ అమ్మాయిలే ఉంటారు. ఒళ్లో బ్యాగు, బ్యాగులో మాక్ టెస్టు పేపర్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్. రీల్స్ జరుపుకుంటూ పోతుంటే వాళ్లలో ఎవరో ఒకరికి ఓ పాత పాట తగులుతుంది. వెన్నెల, నీళ్లు, ఓ పడవ, అందులో ఇద్దరు. మాయాబజార్‌లోని పడవ పాట. అప్పటిదాకా ఆగకుండా కదిలిన బొటనవేలు అక్కడ ఆగిపోతుంది.

ఆ సినిమా 1957లో వచ్చింది. కృష్ణమ్మ మీద ప్రకాశం బ్యారేజీ మొదలైందీ ఆ ఏడాదే. ఇప్పుడు బస్సులో ఆ పాట వింటున్న కుర్రాడి తాతగారు అప్పటికి చిన్న పిల్లాడై ఉంటారు. పాటలో పెద్ద కథేమీ లేదు. గొడవ లేదు, ఎడబాటు లేదు, కన్నీళ్లు లేవు. ఇష్టపడ్డ ఇద్దరు నీళ్ల మీద మెల్లగా వెళ్తుంటారు, అంతే. అయినా గ్రామఫోన్ రికార్డు పోయి రేడియో వచ్చినా, రేడియో పక్కకు జరిగి క్యాసెట్, సీడీ, ఫోన్ వచ్చినా ఆ పాట ఒక్కో మెట్టూ దాటుకుంటూ మన చెవిదాకా వచ్చేసింది. ఎందుకు?

జవాబు కావాలంటే ఆ పాటలోని మగ గొంతు వెంట కాస్త వెనక్కి నడవాలి. ఆ గొంతు పుట్టిన ఊరు మీరెక్కిన బస్సు వెళ్లే వైపే ఉంది.

చౌటపల్లి పిల్లాడు

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తల్లి రత్నమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్యగారు పాడేవారు, మృదంగం వాయించేవారు. భజనలకీ ఉత్సవాలకీ వెళ్లినప్పుడు కొడుకుని భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవారు. ఆయన నారాయణ తీర్థుల తరంగాలు పాడుతుంటే పిల్లాడు ఆడేవాడు. చూసినవాళ్లు ముచ్చటపడి బాలభరతుడు అని పేరు పెట్టారు. కూచిపూడి ఉన్నది కూడా ఈ జిల్లాలోనే. భజన, హరికథ, తరంగం అన్నవి డెల్టా ఊళ్లలో అప్పట్లో రోజువారీ విషయాలు. కోతలు అయిపోయి చేతిలో నాలుగు గింజలు ఆడే రోజుల్లో ఊరూరా ఏదో ఒక పందిరి ఉండేది.

ఆ భుజం ఎక్కువకాలం నిలవలేదు. పిల్లాడికి ఇంకా చదువుకునే వయసు ఉండగానే సూరయ్యగారు పోయారు. పోయేముందు కొడుకు సంగీతం నేర్చుకుని గొప్పవాడు కావాలని కోరుకున్నారు. కుటుంబం బాధ్యత మేనమామ పిచ్చిరామయ్యగారి మీద పడింది. ఇంట్లో గడవడమే కష్టం. అలాంటి ఇంట్లో సంగీతం నేర్చుకుంటానంటే ఎవరు ఔనంటారు? మన ఇళ్లలో ఇప్పటికీ ఈ ఇబ్బంది ఉంది కదా. నాన్న కోరిక ఒకటి, ఇంటి అవసరం ఇంకొకటి. రెండూ నిజమే.

ఓసారి ఓ కచేరీలో పెద్ద విద్వాంసులతో పోటీపడబోయి ఆ పిల్లాడు నవ్వులపాలయ్యాడు. గొంతు ఉంది, విద్య లేదు. ఆ తేడా ఆ రోజు నలుగురి ముందూ తెలిసిపోయింది. తర్వాత సంగీతం వచ్చినవాళ్ల ఇళ్లలో పనికి కుదిరాడు. ఒకరింట బట్టలు ఉతకడం, ఇంకొకరింట వంటపని. పని తీరాక నేర్పినంత నేర్చుకోవడం. అలా ఎక్కడా పూర్తిగా కుదరలేదు. అప్పుడే విజయనగరం పేరు మనసులో పడింది.

నలభై రూపాయల ఉంగరం

విజయనగరంలో 1919 నుంచే సంగీత కళాశాల ఉంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ పాఠాలు చెప్పినవారే. ఇప్పుడు మనవాళ్లు ఐఐటీ అన్నంత గౌరవంగా అప్పుడు సంగీతం నేర్చుకునేవాళ్లు విజయనగరం అనేవారు. వేలికున్న నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకే అమ్మేసి కుర్రాడు రైలెక్కాడు.

తీరా వెళ్లేసరికి వేసవి సెలవులు. కళాశాల మూసేసి ఉంది. నోటిఫికేషన్ చూసుకోకుండా వెళ్లడమంటే ఇదే మరి. బతిమాలితే కళాశాల ఆవరణలో పడుకోవడానికి ఒప్పుకున్నారు. తిండికి వారాలు కుదుర్చుకున్నాడు. వారాలంటే సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, ఇలా రోజుకొక ఇంట్లో భోజనం. పేద విద్యార్థులను ఊరే పోషించిన పాత పద్ధతి అది. ఇంతలో తోటి కుర్రాళ్లు చేసిన తప్పు ఒకటి ఈయన మీదికొచ్చింది. ఉన్న నీడ పోయింది. సంగతి తెలిసి వారాలిచ్చే ఇళ్లవాళ్లు కూడా రావద్దన్నారు. ఊరి ఎల్లమ్మ గుడిలో తలదాచుకోవాల్సి వచ్చింది.

కథ అక్కడితో ఆగిపోయి ఉంటే మనకు ఆ పేరే తెలిసేది కాదు. అదే కళాశాలలో పాఠాలు చెప్పే పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ కుర్రాణ్ని తన ఇంటికి తీసుకెళ్లారు. ఆయనదీ కలిగిన ఇల్లేమీ కాదు. నీడ ఇచ్చారు, విద్య చెప్పారు, పైసా తీసుకోలేదు. తిండి మాత్రం కుర్రాడే చూసుకోవాలి. భుజాన జోలె వేసుకుని ఇంటింటికీ వెళ్లి మాధుకరం ఎత్తుకునేవాడు. పొద్దున తెచ్చుకున్న అన్నంలోనే కొంత దాచి రాత్రికి తినేవాడు. సెలవులు అయ్యాక కళాశాలలో చేరి, నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలో ముగించేశాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు.

పెద్దయ్యాక, పేరొచ్చాక కూడా ఘంటసాల ఆ గురువుగారిని మర్చిపోలేదు. ప్రతిభ అనగానే మనం ఒక్క మనిషి గురించే మాట్లాడుకుంటాం. ఈ కథలో మాత్రం తలుపు తీసిన మనుషులు చాలామంది ఉన్నారు. ముందు ముందు ఇంకా వస్తారు.

కోర్సు అయిపోయింది, పని రాలేదు

ఇక్కడి నుంచి ఈ పేజీ చదివేవాళ్లకు బాగా తెలిసిన దశ మొదలవుతుంది. చేతిలో పట్టా ఉంది. నేర్చిన విద్య ఉంది. నెల తిరిగేసరికి జీతం వచ్చే దారి మాత్రం లేదు. ఊరికి తిరిగొచ్చి పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో పాడారు. పిల్లలకు పాఠాలు చెప్పారు. శాస్త్రీయ సంగీతం చదువుకుని పెళ్లి పందిట్లో పాడటం చిన్నతనం అనుకోలేదు. పందిట్లో పాడటం ఓ రకంగా కష్టమైన పరీక్షే. వచ్చినవాళ్ల ధ్యాస భోజనాల మీద ఉంటుంది, పిల్లలు పరిగెడుతుంటారు, సన్నాయి ఓ పక్క మోగుతుంటుంది. అంత గోలలోనూ మాట వినపడాలి, మనసుకి పట్టాలి.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. అందులో పాల్గొని అల్లీపురం జైలుకెళ్లారు. ఇరవై ఏళ్ల వయసు. నాన్న కోరిక ఇంకా తీరలేదు, ఇంటి పరిస్థితి ఇంకా మారలేదు. ఆ రోజుల్లో ఎవరైనా బయోడేటా అడిగి ఉంటే ఏం రాసుకునేవారు? చదువు సంగీతం, అనుభవం పెళ్లిళ్లు, చివరి చిరునామా జైలు.

జైలు నుంచి వచ్చాక 1944 మార్చి 4న సావిత్రిగారితో పెళ్లయింది. ఆ సాయంత్రం పందిట్లో కచేరీ కూడా పెళ్లికొడుకుదే. తన పెళ్లికి తనే పాడుకున్న మనిషి, తర్వాత ముప్పై ఏళ్లపాటు తెలుగువాళ్ల ప్రేమలన్నిటికీ పాడతారని ఆ పందిట్లో కూర్చున్నవాళ్లు ఊహించి ఉండరు.

పానగల్ పార్కు

రెండో తలుపు తీసినవారు సముద్రాల రాఘవాచార్య. అప్పటికే సినిమా రచయితగా పేరున్నవారు. ఈ కుర్రాడి పాట విని మద్రాసు రమ్మన్నారు. వెళ్తే నాగయ్య, బి.ఎన్.రెడ్డి లాంటి పెద్దవాళ్లకు పరిచయం చేశారు. వాళ్లు విని బాగుందన్నారు. అవకాశం వచ్చినప్పుడు పిలుస్తామన్నారు. ఇంటర్వ్యూ బాగా జరిగి, తర్వాత చెబుతాం అన్న మాటతో బయటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాట బరువు తెలుసు.

సముద్రాలవారిది ఇరుకిల్లు. వాళ్లను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక టి.నగర్‌లోని పానగల్ పార్కుకి మకాం మార్చేశారు. కాపలాదారుకి నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రిళ్లు అక్కడే పడుకునేవారు. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడం. మద్రాసులో మన తెలుగువాళ్లు ఎంతోమంది ఇలా తిరిగారు, ఎంతోమంది తిరుగు రైలు కూడా ఎక్కేశారు. ఘంటసాల ఎక్కలేదు. దానికి పట్టుదల ఒక్కటే కారణమనడం తేలిక. మధ్యలో దొరికిన చిన్న పనుల్ని ఆయన వదలకపోవడం అంతకంటే పెద్ద కారణం.

సముద్రాలవారి సాయంతోనే ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో లలిత గీతాలు పాడే వీలు దొరికింది. 1944లో సీతారామ జననంలో బృందగానం పాడి, తెర మీద చిన్న వేషం కూడా వేశారు. తర్వాత త్యాగయ్య, యోగి వేమన సినిమాల్లోనూ చిన్న పాత్రలు వేశారు. పేకేటి శివరాం చొరవతో హెచ్.ఎం.వి.లో గ్రామఫోన్ రికార్డు వచ్చింది. 1945లో స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడారు. 1948లో రత్నమాలకు సంగీత సహాయకుడిగా చేశారు. బృందంలో ఒక గొంతు, తెర మీద మూలన ఒక మనిషి, సంగీత దర్శకుడి పక్కన ఒక సహాయకుడు. ఇవన్నీ పేరు తేని పనులే.

అయితే ఆ పనుల్లోనే ఆయన ఓ కొత్త విద్య నేర్చుకున్నారు. విజయనగరంలో ఎవరూ చెప్పని పాఠం అది. మైకు ముందు ఎలా పాడాలి అన్నది. పందిట్లో చివరి వరుసకు వినపడాలంటే గొంతెత్తాలి. మైకు ముందు గొంతెత్తితే వినేవాడి చెవిలో అరిచినట్టు ఉంటుంది. రేడియో వినేవాడు ఇంట్లో మంచం మీద ఒక్కడే ఉంటాడు. వాడికి పక్కన కూర్చుని చెప్పినట్టు పాడాలి. ఉన్న బలాన్నంతా చూపించకుండా పాడటం, బలం లేకపోవడం కంటే కష్టం. అది రావడానికి ఏళ్లు పట్టింది.

కాలవల నడుమ నుంచి ముగ్గురు

1949లో మనదేశం, కీలుగుర్రం సినిమాలకు సంగీత దర్శకుడయ్యారు. మనదేశం నందమూరి తారక రామారావు తెరకెక్కిన మొదటి సినిమా. ఎన్టీఆర్‌ది పామర్రు దగ్గరి నిమ్మకూరు. సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి, సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం తెచ్చుకుని, మంగళగిరిలో మూడు వారాలు చేసి వదిలేసి మద్రాసు వెళ్లిన మనిషి. అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ ప్రాంతంలోని రామాపురం. తెర మీద ఆ రెండు ముఖాలూ, తెర వెనుక ఈ ఒక్క గొంతూ ఇంచుమించు ఒకే కాలంలో, బందరు, గుడివాడ, పామర్రు నడుమ ఒకే కాలవల నీళ్లు తాగి పెరిగినవే.

1951 నుంచి రోజులు మారాయి. పాతాళ భైరవికి సంగీతం ఆయనదే. పింగళి నాగేంద్రరావు మాటలకు ఆయన కట్టిన బాణీలను, మలయాళ దేశం నుంచి వచ్చిన పి.లీలతో కలిసి ఆయనే పాడారు. అదే ఏడాది మల్లీశ్వరిలో సాలూరి రాజేశ్వరరావు సంగీతంలో భానుమతితో పాడారు. 1953లో దేవదాసు. సముద్రాలవారి రచన, సి.ఆర్.సుబ్బరామన్ సంగీతం. సినిమా విడుదలకు ముందే సుబ్బరామన్ కన్నుమూశారు. తెర మీద అక్కినేని, వెనుక ఘంటసాల. ప్రేమ ఓడిపోయిన మనిషి తాగి తూలుతుంటే ఆ తూలుడు గొంతులో ఉంది, శ్రుతి మాత్రం తూలలేదు. ఏడుపుని ఏడ్చి చూపించకుండా వినిపించడం ఎలాగో ఆ పాటలు చెబుతాయి. ప్రేమ పోయిన కుర్రాళ్లు డెబ్భై ఏళ్లుగా వాటినే వింటున్నారు.

వెన్నెల్లో పడవ

ఇక మన పడవ దగ్గరికి వద్దాం. విజయా వారి మాయాబజార్‌కు దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి, కెమెరా మార్కస్ బార్ట్‌లీ. సంగీతం మొదట సాలూరి రాజేశ్వరరావు చేతిలో ఉండేది. నాలుగు పాటలకు బాణీలు కట్టాక ఆయన తప్పుకున్నారు. మిగతా సినిమా ఘంటసాలకు వచ్చింది. పడవ పాట ఆ నాలుగింటిలో ఒకటి. అంటే తెలుగులో ఇంతకాలం నిలిచిన ఈ ప్రేమపాట బాణీ ఘంటసాలది కాదు. వాద్యాలు సమకూర్చి, రికార్డు చేసి, పాడి, ఒక రూపానికి తెచ్చింది ఆయన.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అప్పటికే ఆయన పేరున్న సంగీత దర్శకుడు. వేరేవాళ్లు సగంలో వదిలిన పని చేతికొచ్చింది. ఆ బాణీని పక్కన పెట్టేసి తన ముద్ర వేసుకోవచ్చు. లేదా అయిష్టంగా లాగించేయవచ్చు. ఆయన రెండూ చేయలేదు. బాణీ బాగుంది కాబట్టి ఉంచారు, తన పాటకంటే శ్రద్ధగా పూర్తిచేశారు. రేపు మీరు ఉద్యోగంలో చేరాక మొదటి ఏడాదిలోనే ఇలాంటి ఫైలు ఒకటి మీ టేబుల్ మీదికొస్తుంది. ఎవరో మొదలుపెట్టి వెళ్లిపోయిన పని. అప్పుడు ఈ పాట గుర్తొస్తే మంచిదే.

పాట మోహన రాగంలో నడుస్తుంది. మోహనానికి ఐదే స్వరాలు. స రి గ ప ద. సంగీతం నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే వచ్చే రాగం ఇది. నేర్చినవాడు కావాలంటే అదే రాగాన్ని గంటసేపు విస్తరించి ఆలాపన చేయగలడు. ఘంటసాలకు ఆ విద్య ఉంది. ఈ పాటలో దాన్ని ఆయన దాదాపు వాడలేదు. తెడ్డు వేసినట్టు ఓ ఊపు, ఆ ఊపు మీద మాట, మాట చివర చిన్న కదలిక, అంతే. పింగళివారి ఒక్క అక్షరం కూడా నలగదు. సంగీతం రానివాడు కూడా వెంటనే గొంతు కలపగలడు. కలిపాక గానీ, ఆ తేలికదనం తన గొంతులో పలకడం లేదని తెలియదు.

ఇంకో సంగతి చూడండి. పాట శశిరేఖా అభిమన్యులతో మొదలవుతుంది. తర్వాత పడవలోకి శ్రీకృష్ణుడు, రుక్మిణి వస్తారు. చివరికి బలరాముడు, రేవతి. కొత్త జంట, నడివయసు జంట, పెద్ద జంట. అక్కినేనికి, ఎన్టీఆర్‌కి, గుమ్మడికి ముగ్గురికీ ఒకటే గొంతు. అటువైపు సావిత్రికి, సంధ్యకి, ఛాయాదేవికి లీల గొంతు. సినిమాలో వేరే సందర్భాల్లో నాయకుణ్ని బట్టి గొంతు మందం మార్చి పాడటం ఘంటసాలకు వెన్నతో పెట్టిన విద్య. ఇక్కడ మాత్రం ఆ తేడాలను సన్నగా ఉంచారు. ప్రేమ వయసును బట్టి మారే సరుకు కాదన్నట్టు పాట సాగిపోతుంది. ఇరవై ఏళ్లవాళ్లు విన్నా అరవై ఏళ్లవాళ్లు విన్నా అది తమ పాటే అనిపించడానికి ఇదో కారణం.

ఎందుకు నిలిచింది?

పాత పాటలన్నీ నిలవలేదు. ఆ రోజుల్లో వచ్చిన వందల పాటలు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. కాబట్టి పాతది బంగారం అనే మాట ఇక్కడ చాలదు. నిలిచిన పాటను జాగ్రత్తగా వింటే, పాడినవాడు మనకు కొంత చోటు వదిలిపెట్టాడని అర్థమవుతుంది. అతిగా ప్రేమించి చూపిస్తే మనం చూసి ఊరుకుంటాం. కొంచెం తగ్గించి వదిలేస్తే మిగతాది మన జ్ఞాపకంతో పూరించుకుంటాం. తాతగారు బందరు కాలవ మీద పడవలు తిరిగిన రోజులతో పూరిస్తారు. మీరు హాస్టల్ మేడ మీద వెన్నెలతోనో, ఇంకా చెప్పుకోని ఒక పేరుతోనో పూరిస్తారు. అందుకే ఒకే పాట మూడు తరాలకు మూడు పాటలైంది.

ఆ తగ్గించడం ఊరికే రాదు. తెలియనివాడు తగ్గిస్తే ఖాళీగా ఉంటుంది. తెలిసినవాడు తగ్గిస్తే నిండుగా ఉంటుంది. ఉత్సవాల పందిట్లో గొంతు, విజయనగరంలో శాస్త్రం, రేడియోలో మైకు, బృందగానంలో నలుగురితో కలవడం, సహాయకుడిగా వాద్యాల లెక్క. ఒక్కోటీ ఒక్కో దశలో వచ్చి చేరింది. జైలుకెళ్లిన 1942 నుంచి పడవ ఎక్కిన 1957 వరకు లెక్కేస్తే పదిహేనేళ్లు. పాట మాత్రం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

చెల్లించిన ధర

ఇది విజయగాథ మాత్రమే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. సొంతంగా సినిమాలు తీశారు. పరోపకారం, సొంత ఊరు, భక్త రఘునాథ్. అవి ఆయన పాటల్లా ఆదరణ పొందలేదు, చేతికి నష్టమే మిగిలింది. బాగా పాడగలగడం, బాగా వ్యాపారం చేయగలగడం వేర్వేరు పనులని తెలుగులో అందరికంటే బాగా పాడినవారికీ డబ్బు పోగొట్టుకునే తెలిసింది. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, యూరప్ వెళ్లి కచేరీలు చేశారు. ఈలోపు మధుమేహం, గుండె జబ్బు. ఏళ్ల తరబడి విశ్రాంతి లేని పని ఒంటిమీద లెక్క రాసుకుంటూనే ఉంది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయారు. వయసు 51.

చివరి రోజుల్లో ఆయన మనసు పెట్టి చేసిన పని భగవద్గీత. ఎంచుకున్న శ్లోకాలు, వాటికి తెలుగు తాత్పర్యం. ఆయన పోయాకే ఆ రికార్డు విడుదలైంది. ఇప్పుడు మన ఊళ్లలో పొద్దున్నే మైకులో అది వినపడితే ఎవరింట ఏం జరిగిందోనని గుమ్మంలోకి వచ్చి చూస్తాం. అంతిమయాత్ర బండి మీద కూడా ఆ గొంతే. ప్రేమ మొదలైన రోజు వినే గొంతూ, మనిషిని సాగనంపే రోజు వినే గొంతూ ఒకటే కావడం ఇంకెవరి విషయంలో జరిగింది? రెంటిలోనూ ఆయన చేసింది అదే పని. తన బాధ గానీ, తన విద్య గానీ ముందుకు నెట్టకుండా మాటను మనదాకా చేర్చడం.

మనం ఏం తీసుకోవాలి?

పార్కులో పడుకుంటే ఘంటసాల అవుతారని ఈ కథ చెప్పదు. పడుకుని ఏమీ కాలేకపోయినవాళ్ల కథలు ఎవరూ రాయరు. ఆకలి ఎవరికీ పాట నేర్పదు. ఆకలిగా ఉన్నప్పుడు నీడ ఇచ్చిన సీతారామశాస్త్రిగారు, మద్రాసు పిలిచిన సముద్రాల, రికార్డు చేయించిన పేకేటి లేకపోతే ఆ గొంతు చౌటపల్లి దాటేది కాదేమో. కాబట్టి సాయం అడగడానికి మొహమాటపడకండి. సీనియర్‌ని అడగండి, మాస్టారిని అడగండి, ఇంట్లోవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రేపు మీకు ఉద్యోగం వచ్చాక మీ గది తలుపు కూడా ఇంకొకరికి తీసి ఉంచండి. ఒంటిని కూడా చూసుకోండి. ఆయనకు ఇంకో ఇరవై ఏళ్లు ఉండి ఉంటే మనకు ఎన్ని పాటలు ఉండేవో!

మన చేతిలో ఉన్నది ఒకటుంది. ఫలితం రాని రోజుల్లో కూడా చేసే సాధన. ఆ పదిహేనేళ్లలో పెళ్లిపాట నుంచి బృందగానం దాకా ఆయన చేసిన ఏ చిన్న పనీ పడవ పాటలో వృథా పోలేదు. ఫలితం ఆగిపోయిన నోటిఫికేషన్ కోసం మీరు చదివిన పాలిటీ, రాని ఆఫర్ కోసం రాసిన కోడ్ కూడా ఎక్కడో ఒకచోట పనికొస్తాయి. ఎక్కడ అన్నది ఇప్పుడే తెలియదు. పానగల్ పార్కులో ఆయనకూ తెలియదు.

వీలైతే ఈ రాత్రి ఓ చిన్న పని చేయండి. దృశ్యం చూడకుండా పడవ పాట మూడుసార్లు వినండి. మొదటిసారి మాటలు మాత్రమే. రెండోసారి గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో చూడండి. మూడోసారి, ఇంకా ఏదో చేయగలిగి కూడా ఆయన చేయకుండా వదిలేసిన చోట్లు వెతకండి. తర్వాత మీ ఇంటర్వ్యూ జవాబు ఒకటి తీసుకుని, అందులో ఏం తగ్గిస్తే ఎదుటివాళ్లకు బాగా అందుతుందో ఆలోచించండి. తెలిసిందంతా ఒక్కసారే చెప్పేయాలన్న కంగారు చాలా మార్కులు పోగొడుతుంది.

విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఇప్పుడు ఘంటసాలవారి పేరు మీదే నడుస్తోంది. ఉంగరం అమ్ముకుని సంగీత కళాశాల కోసం రైలెక్కిన కుర్రాడి పేరు అది. అక్కడ కొత్తగా చేరిన పిల్లలు ఇవాళా ఏదో ఒక గదిలో ఆ ఐదు స్వరాలు పలుకుతూనే ఉంటారు. గుడివాడ బస్సు ఈపాటికి కదిలింది. కిటికీ బయట వరి చేలమీద వెన్నెల పడుతోంది. ఇయర్‌ఫోన్స్‌లో పడవ మెల్లగా వెళ్తోంది. మాక్ టెస్టు మార్కుల సంగతి రేపు పొద్దున చూసుకోవచ్చు.